ముట్టుకోవద్దన్న చేతులు

"అత్తయ్యా, ఇకనుంచి మీరు పిల్లని ముట్టుకోవద్దు" అని మీ అమ్మ అన్నప్పుడు నేను మిరపచేలోంచి అప్పుడే వచ్చి గుమ్మంలో నిలబడ్డాను. తలకి చుట్టుకున్న తువ్వాలు కూడా విప్పలేదు. నువ్వు నన్ను చూసి రెండు చేతులూ చాచావు. ఎనిమిదో నెల నీకు. గీరుకోకుండా మీ అమ్మ పాత చీర చింపి కుట్టిన చిన్న గుడ్డ సంచులు ఆ చేతులకి తొడిగి ఉన్నాయి. మెడ వెనక, చంకల్లో, నడుం చుట్టూ, తొడల కింద చర్మం ఎర్రగా లేచి, కొన్నిచోట్ల రసి కారి చెక్కు కట్టింది. చూస్తే నాకే అర్థమవుతోంది. నేను ఎక్కడెక్కడ పట్టుకుని ఎత్తుకుంటానో సరిగ్గా అక్కడే.

నువ్వు ఇదంతా రాసేటప్పుడు మీ అమ్మని గయ్యాళి అనుకునేట్టు మాత్రం రాయకు. ఆ మాట అనేటప్పుడు తను నా మొహం చూడలేకపోయింది. గోడకేసి చూస్తూ అంది. తను ఊళ్లో చిన్న బడిలో పంతులమ్మ. కొత్తపట్నం నుంచి వచ్చిన పిల్ల, వాళ్ల నాన్న కూడా చర్చి బళ్లో పంతులే. మీ నాన్న చిలకలూరిపేట దగ్గర పత్తి మిల్లులో పని, పొద్దున పోతే చీకటి పడ్డాకే రావడం. అందుకని నిన్ను సాకేది మేమిద్దరమే. మీ అమ్మ బడికి వెళ్లే పూట పక్కింటి ముసలమ్మ చూసేది. సాయంత్రం నేను కూలి నుంచి రాగానే నువ్వు నా చంకలోకి వచ్చేసేదానివి. మీ అమ్మ వంట చేసుకునేది, పిల్లల పుస్తకాలు దిద్దుకునేది. ఆ సాయంత్రం రెండు గంటలే రోజు మొత్తంలో నాది. మీ తాత పోయాక నాకు సొంతమని ఉన్నవి ఆ రెండు గంటలే.

ఆ ఏడు మిరప బాగా కాసింది. నల్లరేగడిలో ఎటు చూసినా ఎరుపే. పొద్దున్నే వెళ్లి, ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా కోసి, మధ్యాహ్నం కల్లంలో కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరేవాళ్లం. కోసేటప్పుడు మంట తెలియదు తల్లీ. సాయంత్రం చేతులు కడుక్కున్నాక మొదలవుతుంది. నీళ్లు తగిలితే చాలు, గోళ్ల సందుల్లోంచి నిప్పు రాజుకున్నట్టు ఉంటుంది. కన్ను నలుపుకోలేం, ముక్కు చీదుకోలేం. మా కూలీల ముఠాలో పసిపిల్లల తల్లులు పాలిచ్చేముందు చేతులు కొంగులో చుట్టుకునేవాళ్లు. అంత భయం.

మరి నేను పసిపిల్లనెత్తుకోవాలి. అందరిలాగా మజ్జిగ పోసుకున్నాను, కొబ్బరినూనె రాసుకున్నాను. తగ్గలేదు. మా ముఠాలో ఒకావిడ ఉండేది, పరోటా ఒదిన అనేవాళ్లం. అంతకుముందు బస్టాండు హోటల్లో పిండి పిసికేదిలే. నోరు పెద్దది, మనసు మంచిది. ఆమే చెప్పింది.

"ఏంటే ఆ మజ్జిగ? చేతులకి పెరుగన్నం కలుపుతున్నావా? గోధుమపిండిలో ఇంత నూనె పోసి ముద్ద చెయ్యి. దాన్ని పిసుకుతా కూచో. హోటల్లో గంప పచ్చిమిరపకాయలు తరిగేదాన్ని, తరవాత పిండి కలపడానికి కూచుంటే అరగంటలో చేతులు చల్లబడేయి. మంటంతా పిండి లాగేసుద్ది."

"మరి ఆ పరోటాలు తిన్నోళ్ల సంగతో?" అన్నాను.

"వాళ్లు మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లే! ఆ కారానికే వచ్చేవాళ్లు" అంది. కల్లమంతా నవ్వులు.

నేను గోధుమచేను ఈ కళ్లతో ఎన్నడూ చూడలేదు. మన దగ్గర పండదు. నాకు గోధుమ అంటే కొట్లో పాకెట్టు, దాని మీద కంకుల బొమ్మ. మూడు కంకులు, చివర్లు పిల్లి మీసాల్లా నిక్కబొడుచుకుని ఉండేవి. ఆ పాకెట్టు కొనుక్కొచ్చి పెరట్లో నీళ్ల తొట్టి పక్కన డబ్బాలో పోసుకున్నాను. రోజూ సాయంత్రం ఆ బండ మీద కూర్చుని ముద్ద పిసికేదాన్ని. పరోటా ఒదిన చెప్పింది నిజమే, చేతులు చల్లబడేవి. ఆ తర్వాత నీళ్లు పోసుకుంటే మంట మళ్లీ లేస్తుందేమోనని కడిగేదాన్ని కాదు. గుడ్డతో తుడుచుకుని, చివర్న పొడిపిండి కాస్త అద్దుకునేదాన్ని. నా మొరటు చేతులు మెత్తగా అయిపోయేవి. అప్పుడు లోపలికొచ్చి నిన్నెత్తుకునేదాన్ని. నాలా ఇంత జాగ్రత్త ఎవరు పడతారులే అని నాకు నేనే మురిసిపోయేదాన్ని.

నీకు మొదట చంకల్లో ఎర్రబడింది. చెమటకాయలు అనుకున్నాం. తర్వాత మెడ వెనక దద్దుర్లు. నేనెత్తుకున్న కాసేపటికి నువ్వు మెలికలు తిరిగేదానివి. నా భుజానికేసి మెడ రాసుకుని రాసుకుని, చివరికి ఏడుపు. నిద్రొస్తోంది పిల్లకి అనేదాన్ని నేను. జో కొట్టేదాన్ని. ఆ చేత్తోనే.

మీ అమ్మ చదువుకున్న పిల్ల కదా, ఒక్కొక్కటే మాన్పించుకుంటూ వచ్చింది. ముందు సబ్బు మానేసింది. పౌడరు మానేసింది. నలుగుపిండి నేను ప్రేమగా పెసలు, శెనగలు కలిపి ఆడించిందే, అదీ మానేసింది. ఉయ్యాల గుడ్డ మార్చింది. తను వంకాయ తినడం మానేసింది, చేపలు మానేసింది. కొత్తపట్నం పిల్ల చేపలు మానిందంటే చూసుకో. ఊళ్లో ఇంజెక్షన్లు చేసే ఆయన ఇచ్చిన ట్యూబు రాస్తే మూడ్రోజులు మాయం, ఆపితే రెండింతలు. పక్కింటి ముసలమ్మ సర్పి అంది, ఎర్రమట్టి పూయమంది. పాస్టరమ్మగారు నూనె ప్రార్థన చేసి ఇచ్చారు. నేను ఉపవాసం ఉన్నాను. ఎవరికి ఏది తోస్తే అది చెప్పారు, మేము చేశాం. నీ చర్మం మాత్రం ఊడిపోతూనే ఉంది.

అప్పుడు కారం మాట వచ్చింది. ఎవరన్నారో గుర్తులేదు, ఊరంతా అన్నట్టే ఉంది. మిరపకాయలు కోసే ముసలిది పసిపిల్లని ఎత్తుకుంటే ఒళ్లు కాలక ఏమవుతుంది అని. మీ అమ్మ అడిగింది:

"అత్తయ్యా, చేతులు శుభ్రంగా కడుక్కునే ఎత్తుకుంటున్నారా?"

"దేవుడి తోడమ్మా, అరగంట చేతులతోటే కుస్తీ పట్టి గానీ ముట్టుకోవడం లేదు."

అది అబద్ధం కాదు. చేతులు శుభ్రం చేసుకున్నావా అని అందరూ అడిగారు. దేంతో చేసుకున్నావని ఎవరూ అడగలేదు, నాకూ చెప్పాలని తోచలేదు. చీపురుతో ఊడ్చామని చెబుతామా ఎవరికైనా? అట్లాగే.

అయినా అనుమానం నాకూ పట్టుకుంది. పది రోజులు మిరపకోతకి పోవడం మానేశాను. పత్తి తీతకి పోయాను. ఇంకా గోళ్ల సందుల్లో కారం దాక్కుందేమోనని ఆ పది రోజులూ పిండి ముద్ద ఒకసారి కాదు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పిసికాను. వింటున్నావా? రెండుసార్లు. నీ దద్దుర్లు పొట్ట మీదికి పాకాయి.

ఇంక అందరికీ ఖాయమైపోయింది. ముప్పై ఏళ్లుగా కోస్తోంది, కారం చర్మంలోకి ఇంకిపోయింది, ఇప్పుడు పది రోజులు మానితే పోతుందా అన్నారు. మానీ లాభం లేదని నేను మళ్లీ మిరపకే పోయాను. ఆ వారంలోనే నీ మెడ కింద పుండు చీము పట్టింది. జ్వరం వచ్చింది. మధ్యాహ్నం నన్ను చేలోంచి పిలిపించారు. నేనొచ్చేసరికి నువ్వు ఏడవడం లేదు, మూలుగుతున్నావు. కళ్లు తెరవడం లేదు. మీ అమ్మ నిన్ను ఒళ్లో పెట్టుకుని, పేరు పెట్టి పిలిచి, పిలిచి, గొంతు పోయి ఉంది. ఆటోలో చిలకలూరిపేట తీసుకుపోతే అక్కడ డాక్టరు సూది కోసం నీ చేతి మీద చోటు వెతుకుతున్నాడు. మంచి చర్మం ఎక్కడుందా అని వెతుకుతున్నాడమ్మా. అంత చిన్న చేతి మీద.

"ఇంకొక్కసారి ఇట్లా చీము పట్టిందంటే గుంటూరు తీసుకెళ్లాలి. ఒంట్లోకి పాకితే పిల్ల దక్కదు" అన్నాడు. మొహం మీదే అన్నాడు.

ఇంటికొచ్చిన నాలుగో రోజు మీ అమ్మ ఆ మాట అంది. ముట్టుకోవద్దని. మీ నాన్న పక్కనే ఉన్నాడు, చెప్పుల వంక చూసుకుంటూ నిలబడ్డాడు. నేను "సరేనమ్మా" అన్నాను. ఇంకేమంటాను?

వారం తిరిగేసరికి నీకు తగ్గింది.

అది విన్నావా? తగ్గింది. చెక్కులు రాలిపోయి కింద గులాబీ రంగు చర్మం వచ్చింది. నువ్వు నవ్వావు. చేతులకి సంచులు తీసేశారు. ఇల్లంతా సంతోషం, నాకూ సంతోషమే, కాదంటే పాపం. కానీ దానర్థం ఏంటి? నేనే. నా చేతులే. నువ్వు పాక్కుంటూ నా వైపు వస్తే నేను లేచి పెరట్లోకి పోయేదాన్ని. నువ్వు గుమ్మం దాకా వచ్చి ఏడ్చేదానివి. తొట్టి దగ్గర నిలబడి ఆ ఏడుపు వినేదాన్ని, చేతులు వెనక్కి కట్టుకుని.

ఒకరోజు ఎవరూ లేనప్పుడు బూడిద తీసుకుని, పీచు తీసుకుని, చింతపండు తీసుకుని చేతులు తోమాను. ఇత్తడి గిన్నె తోమినట్టు తోమాను. గోళ్ల మూలల్లోంచి రక్తం వచ్చింది. ఆపలేదు. ముప్పై ఏళ్ల కారం పోవాలి కదా. మర్నాడు ఆ పుండ్ల చేతులతో కోతకి పోతే మంటకి కళ్లు తిరిగి సాలులో కూర్చుండిపోయాను. పరోటా ఒదిన నీళ్లు పట్టుకొచ్చింది.

"చేతులు చూపించు. అయ్యో అయ్యో, ఏంటే ఇది? చేపని తోమినట్టు తోముకున్నావు!"

"నా మనవరాలు నా చేతుల వల్ల చచ్చిపోయేదే ఒదినా."

"నోర్ముయ్. చేతులేం చేశాయి? ఈ చేతులతో ఊళ్లో నలుగురి పిల్లల్ని సాకావు, నీ కొడుకు ఏమన్నా కాలిపోయాడా? దున్నపోతులా ఉన్నాడు."

"అప్పుడింత కారం లేదేమో."

"అప్పుడు కాయలు తియ్యగా కాసేయా? నీ కోడలికి చెప్పు, కావాలంటే నేనొచ్చి చెబుతా."

"నువ్వొస్తే ఉన్న కొంప కూడా కూలుద్ది. కూర్చో" అన్నాను. ఆమె మాటకి కాస్త ఊపిరి వచ్చింది గానీ, ఆలోచిస్తే ఏం మిగిలింది? నేను ముట్టుకుంటే వచ్చింది, ముట్టుకోకపోతే పోయింది. ఏ కోర్టుకి పోయినా అదే తీర్పు.

బడికి వేసవి సెలవులిచ్చారు. మీ అమ్మ నిన్ను తీసుకుని కొత్తపట్నం పుట్టింటికి పోయింది. సముద్రపు గాలికి ఇంకా బాగుపడుతుందన్నారు. వెళ్లేటప్పుడు బస్సు కిటికీలోంచి నీ చెయ్యి పట్టి ఊపించింది నాకు. నేను దూరం నుంచి ఊపాను.

మూడు వారాలకి కొట్టు దగ్గర ఫోనుకి కబురొచ్చింది. నేనే వెళ్లాను, మీ నాన్న మిల్లులో ఉన్నాడు. ఫోనులో మీ అమ్మ.

"అత్తయ్యా, మళ్లీ వచ్చింది. ఈసారి ఒళ్లంతా. మొహం వాచిపోయింది, కళ్లు కనపడటం లేదు. మా నాన్న గుంటూరు తీసుకెళ్దామంటున్నాడు, పొద్దున్నే బయల్దేరుతున్నాం. మీ అబ్బాయిని రమ్మని చెప్పండి."

ఇప్పుడు చెప్పేది కూడా రాయి, దాచొద్దు. ఆ ఫోను పెట్టేసి కొట్టు మెట్ల మీద కూర్చున్నాక, మొట్టమొదట నాకు కలిగింది సంతోషం. మొట్టమొదట. నేను ముట్టుకోలేదు, అయినా వచ్చింది. నా చేతులు కావు! ఒక్క నిమిషం. తర్వాత నీ వాచిన మొహం కళ్లకు కట్టి, నేనూ ఒక మనిషినేనా అనిపించింది. ఆ నిమిషానికి నేను ప్రభువు దగ్గర ఎన్నిసార్లు క్షమాపణ అడిగానో.

మర్నాడు మీ నాన్న, నేను గుంటూరు చేరేసరికి మీరు ముందే ఆస్పత్రి వరండాలో ఉన్నారు. నిన్ను గుర్తుపట్టలేకపోయాను. ఒళ్లంతా మిరపపండులా ఎర్రగా ఉబ్బింది. ఊపిరి తీస్తుంటే చిన్న చప్పుడు. ముందు లోపలికి తీసుకుపోయి సూదులు చేశారు, అవన్నీ అయ్యాక, ఊపిరి చప్పుడు తగ్గాక, డాక్టరమ్మగారు మమ్మల్ని పిలిచారు. చిన్న వయసే ఆవిడది, తెల్లకోటు జేబులో పెన్నులు, మాట గట్టి.

"తిండి ఏం పెడుతున్నారు?"

"నా పాలు, మెత్తటి అన్నం, రాగిజావ. అంతేనండి" అంది మీ అమ్మ.

"ఒంటికి రాసేవేమన్నా తెచ్చారా? అన్నీ చూపించండి."

మీ అమ్మ సంచి బోర్లించింది. ట్యూబులు, నూనె సీసా, ప్రార్థన నూనె, కొత్త సబ్బు, ఒక పొడవాటి సీసా. ఆ పొడవాటి సీసా నేను ఎప్పుడూ చూడలేదు. చర్మం తేలిగ్గా కందే పిల్లలకి మంచిదని ఒంగోల్లో మందుల కొట్లో ఇచ్చారట. తగ్గిన చర్మం మెత్తగా ఉండాలని పది రోజులుగా రోజూ ఒళ్లంతా రాస్తోందట. సీసా మీద అక్షరాలన్నీ ఇంగ్లీషు. డాక్టరమ్మగారు చదివారు, మీ అమ్మ వంగి చదివింది, మీ నాన్న కూడా చదివినట్టు నటించాడు. నాకు చదువు లేదు కదా. నేను బొమ్మ చూశాను.

మూడు కంకులు. మీసాలతో.

 ఏమీ తెలియకుండానే తెలిసిపోయింది తల్లీ. ఇంతమంది చదువుకున్నవాళ్లు చిన్నచిన్న అక్షరాల వెంట పోతున్నారు, ఎదురుగా ఉన్న బొమ్మ ఎవరికీ కనపడటం లేదు. నేను నోరు విప్పకపోతే ఏమవుతుంది? సీసా మాన్పిస్తారు. నీకు తగ్గుతుంది. సముద్రపు గాలి పడలేదంటారు, నీళ్లు పడలేదంటారు. నా మీద అనుమానం తీరిపోతుంది, మనవరాలు నా చేతికి వస్తుంది. నోరు విప్పితేనో? నీ ఒళ్లు ఒలిచింది, నిన్ను చిలకలూరిపేట దాకా మోయించింది, నా చేతులే అని నేనే చెప్పుకున్నట్టు. ఈసారి ఊరి మాట కాదు, నా నోటి మాట.

కానీ చెప్పకపోతే ఆ డబ్బా పెరట్లో అట్లాగే ఉంటుంది. నేను మళ్లీ పిసుకుతాను. మళ్లీ నిన్నెత్తుకుంటాను.

"అమ్మగారూ, ఈ సీసాలో గోధుమ ఉందా?" అన్నాను.

ఆవిడ నా వైపు చూశారు. మళ్లీ సీసా వైపు. "ఉందమ్మా. గోధుమ నుంచి తీసిన పదార్థమే వేశారు. ఎందుకు అడిగావు?"

"నేను రోజూ చేతులకి గోధుమపిండి పిసుక్కునే పిల్లనెత్తుకునేదాన్నండి. కారం అంటకుండా."

 మీ అమ్మ నా వైపు తిరిగింది.

"ఏంటత్తయ్యా?"

"పెరట్లో డబ్బా ఉంది కదా..."

"అది రొట్టెలకి అనుకున్నాను."

"మనింట్లో రొట్టెలు ఎవరు తింటారమ్మా?" అన్నాను. అనకూడని మాట, వచ్చేసింది.

డాక్టరమ్మగారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. ఎన్ని రోజులు, ఎక్కడెక్కడ పట్టుకుంటావు, కడుగుతావా తుడుస్తావా, అన్నీ అడిగి రాసుకున్నారు. గోధుమలో ఒక జిగురు ఉంటుందట, గ్లూటెన్ అంటారట. చపాతీ పిండి సాగేది దానివల్లేనట. అందరికీ ఏం చేయదు. కొంతమంది పిల్లల చర్మం పుట్టుకతోనే పలచన, దాని మీద అదే పనిగా రాస్తే ఒళ్లు దాన్ని శత్రువు అనుకుంటుందట.

"ఇప్పుడే ఖాయంగా చెప్పలేను. ఊరికే అనుకుంటే లాభం లేదు, చూడాలి. ముందు చర్మం పూర్తిగా తగ్గనివ్వండి. పది రోజుల తర్వాత తీసుకురండి. అప్పటిదాకా గోధుమ దగ్గరికి రానివ్వొద్దు. బిస్కెట్టు ముక్క కూడా వద్దు" అన్నారు.

అందరం మన ఊరికే వచ్చేశాం. ఆ పది రోజులు మీ అమ్మ నాతో మాట్లాడలేదు. కంచంలో అన్నం పెట్టేది, పక్కన మంచినీళ్లు పెట్టేది, మాట లేదు. డబ్బా నేనే తీసుకెళ్లి పరోటా ఒదినకి ఇచ్చేశాను. సంగతి చెబితే ఆమె మొదటిసారి నోరు మూసుకుంది. తర్వాత, "నేను చెప్పకపోతే ఇదంతా జరిగేది కాదుగా" అని కల్లంలో కూర్చుని ఏడ్చింది. ఇంటికొచ్చి మీ అమ్మ కాళ్లు పట్టుకుంటానంటే నేనే ఆపాను. ఎవరి కాళ్లు ఎవరు పట్టుకుంటారు? నేర్పింది ఆమె, చేసింది నేను. ఇద్దరం మంచికే చేశాం. మంచికి చేశామని నీ చర్మానికి తెలియదు.

పది రోజులకి మళ్లీ గుంటూరు. ఈసారి మీ అమ్మ, నేను, నువ్వు. మీ నాన్నకి సెలవు దొరకలేదు. నీ ఒళ్లు నున్నగా ఉంది. బస్సులో నువ్వు అమ్మ ఒళ్లోంచి నా గాజులకేసి వంగుతున్నావు, నేను చేతులు కొంగులో దాచుకుని కిటికీ వైపు చూస్తున్నాను.

డాక్టరమ్మగారు మందులన్నీ పక్కన సిద్ధంగా పెట్టించి, పిండి తెప్పించారు. చెంచాడు పిండి నీళ్లలో తడిపి నీ ముంజేతి మీద కందిగింజంత అద్దారు. పక్కనే ఉత్త నీళ్ల చుక్క వేశారు. మిరపపొడి కడిగిన నీళ్లు కూడా వేస్తారా అని నేనడిగితే నవ్వారు. "అది అందరికీ మండుతుందమ్మా, దాంతో ఏం తెలుస్తుంది?" అన్నారు. గడియారం చూస్తూ కూర్చున్నాం. మీ అమ్మ నీ చెయ్యి కదలకుండా పట్టుకుంది. నువ్వు నర్సు టోపీ చూసి నవ్వుతున్నావు.

ముందు పిండి చుట్టూ సన్నగా ఎరుపు గీత వచ్చింది. తర్వాత మధ్యలో తెల్లగా ఉబ్బింది. దోమ కుట్టినట్టు మొదలై, రూపాయి బిళ్లంత అయింది. నీళ్ల చుక్క పెట్టిన చోట ఏమీ లేదు. నువ్వు గీరుకోబోయావు. ఆ ఉబ్బుని నేను కళ్లారా చూశాను. ఇన్ని నెలలు నీ ఒంటి మీద ఎన్నిసార్లు ఇట్లా లేపానో, ఒక్కొక్కటీ లెక్కకొచ్చినట్టు అనిపించింది. లేచి గోడ పట్టుకుని నిలబడ్డాను.

"అదేనమ్మా" అన్నారు డాక్టరమ్మగారు. వెంటనే కడిగేసి, చుక్కల మందు పోశారు. "ఇది కారం కాదు, అంటు కాదు, సర్పి కాదు. సబ్బు కొన్నా, క్రీము కొన్నా, మీద ఏం రాశారో చదివి కొనండి. పెరిగేకొద్దీ తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు, చూస్తూ ఉందాం." తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు మామూలుగా సబ్బుతో కడుక్కుని ఎత్తుకో. నీ చేతుల్లో ఏం లేదు" అన్నారు.

వరండాలోకి వచ్చాం. మీ అమ్మ అప్పుడు మాట్లాడింది. పది రోజుల మాట ఒక్కసారే.

"ఎందుకు చెప్పలేదత్తయ్యా ముందే? ఎన్నిసార్లు అడిగాను?"

"కారం గురించి అడిగావమ్మా."

"దేని గురించైతేనేం! నేను ఒక్కొక్కటీ మానుకుంటూ వస్తున్నాను, చేపలు మానేశాను, పాలు విరిగిపోతాయేమోనని పచ్చళ్లు మానేశాను, పిచ్చిదానిలా ఉయ్యాల గుడ్డలు ఉడకబెట్టాను. మీరేమో రోజూ అక్కడ కూర్చుని..."    జనం చూస్తున్నారు. చూస్తే చూడనీ.

తర్వాత తనే బెంచీ మీద కూలబడింది. "నేనూ రాశానుగా" అంది, చిన్నగా. "మీకు తెలియక రాశారు. నేను చదివి కూడా రాశాను. తలనుంచి పాదాల దాకా."

"నువ్వు తల్లివి. మంచిదని రాశావు."

"మీరు మాత్రం?"

 నువ్వు బెంచీ పట్టుకుని లేవడానికి చూస్తున్నావు. మీ అమ్మ నిన్ను చంకనేసుకుని లేచి, నా మణికట్టు పట్టుకుని వరండా చివర కుళాయి దగ్గరికి లాక్కెళ్లింది. లాక్కెళ్లిందనే రాయి, మెల్లగా కాదు. నిన్ను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో సంచిలోంచి సబ్బు తీసి నా చేతులు తోమింది. అరచేతులు, వేళ్ల సందులు, గోళ్ల కింద. పుండ్లు మానిన చోట ఆగి, మళ్లీ తోమింది. మంట లేచింది నాకు, ముందురోజు కల్లంలో కాయలు ఏరి వచ్చాను కదా. పళ్లు బిగబట్టాను. తన చీరకొంగుతో తుడిచింది.

"పట్టుకోండి" అంది.

"వద్దులేవే. ఇంకోరోజు చూద్దాం."

"పట్టుకోండత్తయ్యా."

నిన్ను తీసుకున్నాను. ఒక చెయ్యి మెడ వెనక, ఒక చెయ్యి తొడల కింద, ఎప్పటిలాగే. నాకు ఇంకోలా ఎత్తుకోవడం రాదు. ఎంత బరువెక్కావో నువ్వు! రెండు నెలల్లో వేరే పిల్లవైపోయావు. నువ్వు నా మొహం చూసి, గుర్తుపట్టి, నా ముక్కుపుడక పట్టుకుని లాగావు.

అట్లా బస్టాండుకి నడిచాం. మన ఊరి బస్సు వచ్చింది. ఎక్కుదామా అంటే, "ఉండండి, కాసేపు చూద్దాం" అంది మీ అమ్మ. బస్సులో ఏమన్నా అయితే దింపే దిక్కు లేదు కదా. ఇద్దరం సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. నువ్వు నా ఒళ్లో. మీ అమ్మ నీ గౌను వెనక గుండీ విప్పి మెడ చూసింది. నేను నీ తొడ చూశాను. ఏమీ లేదు. కాసేపాగి మళ్లీ చూశాం. అక్కడ చిన్న ఎరుపు ఉందంటే, "అది గౌను నొక్కిన గీతత్తయ్యా" అంది. వేలితో రుద్ది చూశాను, పోయింది. రెండో బస్సు కూడా వచ్చి పోయింది. కండక్టరు ఏమ్మా ఎక్కరా అని అరిచాడు, మేం తలెత్తలేదు. నువ్వు నిద్రపోయావు. నీ మెడ కింద నా చెయ్యి చెమట పట్టింది, తీసి చూస్తే ఆ చోట తడి ఉంది, అంతే. చర్మం నున్నగా ఉంది.

మూడో బస్సు ఎక్కాం.